ఊరి కార్డు, నగరంలో బియ్యం: ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు విధానం

అనంతపురం, శ్రీ సత్యసాయి, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి బెంగళూరుకు పనికి వచ్చే కుటుంబాలు వెంట తెచ్చుకొనే సామాను కొద్దిపాటిదే. నాలుగు వంటపాత్రలు, దుప్పట్లు, బట్టలమూట, ఆధార్ కార్డులు. రేషన్ కార్డును మాత్రం చాలామంది ఊరిలోనే ఉంచి వస్తారు. స్టోరు బియ్యం సొంత ఊరి డీలరు వద్ద తప్ప మరెక్కడా దొరకదన్న అభిప్రాయమే అందుకు కారణం. ఒకప్పుడు ఆ అభిప్రాయం సరియైనదే. నేడు పరిస్థితి మారింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు పొందిన కుటుంబం, ఆ కార్డు ఏ రాష్ట్రానిదైనప్పటికీ, బెంగళూరులోని చౌకధరల దుకాణంలో తన ధాన్యం తాను తీసుకోవచ్చు. ఇందుకు కొత్త కార్డు అవసరం లేదు, రుసుము లేదు, ఊరి కార్డును రద్దు చేసుకోవలసిన పని లేదు.

ఈ సౌకర్యం వెనుక ఉన్న యంత్రాంగం ఏమిటి, అది ఎక్కడ అక్కరకు వస్తుంది, ఎక్కడ ఆటంకమవుతుంది, ఆటంకం ఎదురైనప్పుడు చట్టం ఏమి చెబుతుంది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. తరతరాలుగా ఈ నగరంలో స్థిరపడి కర్ణాటక కార్డు కలిగిన తెలుగు కుటుంబాలకు కూడా, పనుల కొరకు మరో రాష్ట్రానికి వెళ్లినప్పుడు ఇవే నియమాలు వర్తిస్తాయి.

దుకాణానికి కట్టుబడిన కార్డు

చౌక బియ్యం తెలుగువారికి కొత్త కాదు. 1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం పంపిణీ చేపట్టింది. 1997లో కేంద్ర ప్రభుత్వం పేద కుటుంబాలను ప్రత్యేకంగా గుర్తించి సరుకులిచ్చే పద్ధతిని దేశమంతటా ప్రవేశపెట్టింది. 2000 డిసెంబరులో నిరుపేదల కొరకు అంత్యోదయ అన్న యోజన ఆరంభమయింది. అంతవరకు ప్రభుత్వ పథకంగా ఉన్న ఈ పంపిణీకి 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం హక్కు స్థాయిని కల్పించింది. గ్రామీణ జనాభాలో 75 శాతం వరకు, పట్టణ జనాభాలో 50 శాతం వరకు ఈ చట్టం పరిధిలోనికి వస్తారు. ప్రాధాన్య కుటుంబాలలో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి నెలకు మొత్తం 35 కిలోలు ధాన్యం లభిస్తుంది. 2023 జనవరి 1 నుండి ఈ ధాన్యం పూర్తిగా ఉచితం. 2024 జనవరి 1 నుండి మరో ఐదేళ్లపాటు ఈ ఉచిత పంపిణీని కేంద్రం పొడిగించింది.

హక్కు లభించినా, అది ఒక్క దుకాణానికే కట్టుబడి ఉండేది. కార్డుదారుల పేర్లు డీలరు వద్దనున్న పుస్తకంలో ఉండేవి. సరుకు ఇచ్చినట్లు రాసేది డీలరే. దానిని సరిచూసేవారు అరుదు. వానలు లేని ఏడాది కుటుంబమంతా వలస వెళ్లిపోతే రెండు విధాల నష్టం జరిగేది. వలస వెళ్లినవారికి నగరంలో బియ్యం అందేది కాదు. ఊరిలో వారి పేరిట వచ్చిన బియ్యం మాత్రం ‘తీసుకొన్నట్లు’ పుస్తకంలో నమోదయ్యే అవకాశం ఉండేది. ఆకలి ఒకచోట, కోటా మరొకచోట ఉండిపోవడం పాత పద్ధతిలోని ప్రధాన లోపం.

పుస్తకం నుండి యంత్రానికి

ఈ లోపాన్ని సరిదిద్దడం ఒక్కసారిగా జరగలేదు. మొదట రేషన్ కార్డుల వివరాలను కంప్యూటర్లలోనికి ఎక్కించారు. తరువాత గోదాము నుండి దుకాణానికి వెళ్లే సరుకు లెక్కలను అనుసంధానించారు. ఆపైన దుకాణాలలో ఈ-పాస్ యంత్రాలను ఏర్పాటు చేశారు. వేలిముద్ర చూసి, కార్డు వివరాలను సరిపోల్చి, ఇచ్చిన సరుకును అప్పటికప్పుడే లెక్కలో చేర్చే చిన్న యంత్రమే ఈ-పాస్. 2013 చట్టంలోని 12వ విభాగమే పంపిణీ వ్యవస్థను మొదటినుండి చివరివరకు కంప్యూటరీకరించడం, లెక్కలను ప్రజలకు తెరచి ఉంచడం వంటి సంస్కరణలను పేర్కొన్నది.

లెక్క యంత్రంలోనికి వచ్చిన తరువాత కార్డుకు ఒకే దుకాణంతో ముడి ఉండవలసిన అవసరం తీరిపోయింది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2012లోనే రాయపూర్ నగరంలో కార్డుదారుడు తనకు నచ్చిన దుకాణానికి వెళ్లే పద్ధతిని ఆరంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుండి ఈ-పాస్ యంత్రాలు దుకాణాలలోనికి వచ్చాయి. రాష్ట్రాల సరిహద్దును దాటిన తొలి ప్రయత్నంలో తెలుగు రాష్ట్రాలు పాలుపంచుకొన్నాయి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంటగా, మహారాష్ట్ర, గుజరాత్ మరొక జంటగా ఒకరి కార్డులను మరొకరు అంగీకరించడం మొదలుపెట్టాయి. 2020 జనవరి నాటికి కర్ణాటకతో సహా 12 రాష్ట్రాలు ఇందులో చేరాయి.

అదే సంవత్సరం మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. నగరాలలో పనులు ఆగిపోయి, చేతిలో డబ్బు లేక, ఊరి కార్డు నగరంలో చెల్లక, లక్షలాది మంది కాలినడకన బయలుదేరారు. ఈ విధానం ఎందుకు అవసరమో ఆ దృశ్యాలు తెలియజేశాయి. 2021 జూన్ 29న సుప్రీంకోర్టు వలస కార్మికుల కేసులో తీర్పునిస్తూ, అప్పటికింకా చేరని రాష్ట్రాలు జూలై 31లోగా ఈ విధానాన్ని అమలు చేయవలసిందిగా ఆదేశించింది. 2022 జూన్‌లో అస్సాం చేరికతో అన్ని రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు దీని పరిధిలోనికి వచ్చాయి.

దుకాణంలో జరిగేదేమిటి

కర్ణాటకలో చౌకధరల దుకాణాన్ని ‘న్యాయబెలె అంగడి’ అని వ్యవహరిస్తారు. బోర్డుపై కన్నడంలో ఆ పేరు, దుకాణం సంఖ్య ఉంటాయి. కార్డుదారులు అక్కడికి వెళ్లి తమ రేషన్ కార్డు సంఖ్యనుగాని, ఆధార్ సంఖ్యనుగాని చెప్పవలెను. కార్డు ఊరిలో ఉండిపోయినా సంఖ్య తెలిస్తే చాలును.

డీలరు ఆ సంఖ్యను యంత్రంలో నమోదు చేసిన వెంటనే అది కేంద్ర సమాచార భాండాగారానికి చేరుతుంది. ఆ కార్డు చెల్లుబాటులో ఉన్నదా, అందులో ఎవరెవరి పేర్లున్నాయి, ఈ నెలలో ఇప్పటికే ఎంత తీసుకొన్నారు అన్న వివరాలు తెరపై కనబడతాయి. అటుపిమ్మట కుటుంబంలో ఒకరు వేలిముద్ర వేయవలెను. అది ఆధార్ వివరాలతో సరిపోలితే, మిగిలి ఉన్న కోటా మేరకు ధాన్యం ఇచ్చి, యంత్రం నుండి వచ్చే రసీదును డీలరు అందజేయవలెను.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకొనదగినవి. చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన స్త్రీలలో పెద్దవారు రేషన్ కార్డుకు కుటుంబ పెద్దగా ఉంటారు. అయితే సరుకు తీసుకొనడానికి ఆమెయే రానవసరం లేదు; కార్డులో పేరుండి, ఆధార్ అనుసంధానమైన సభ్యులలో ఎవరైనా రావచ్చు. రెండవది రసీదు. రసీదులోని బరువు, సంచిలోని బరువు ఒకటే కావలెను. ఈ-పాస్ యంత్రాన్ని తూకం యంత్రంతో జోడించడానికి కేంద్రం 2021లో నిబంధనలను సవరించినది ఇందుకొరకే. రసీదు అడిగి తీసుకొనే అలవాటు, తూకంలో కోతకు మొదటి అడ్డుకట్ట.

ఇరవై కిలోల లెక్క

ఒక కుటుంబాన్ని ఊహించుకొంటే ఈ విధానంలోని మేలు, చిక్కు రెండూ బోధపడతాయి. కార్డులో నలుగురున్నారు. భార్యాభర్తలు బెంగళూరులో కట్టడపు పనిలో ఉన్నారు. భర్త తల్లి, బడికి వెళ్లే కుమార్తె కల్యాణదుర్గం వద్ద ఊరిలో ఉన్నారు. మనిషికి 5 కిలోల చొప్పున ఆ కుటుంబానికి నెలకు 20 కిలోల బియ్యం వస్తుంది.

పాత పద్ధతిలో ఆ 20 కిలోలూ ఊరిలోనే తీసుకోవలసి వచ్చేది. ఇప్పుడు దంపతులు బెంగళూరులో 10 కిలోలు, ముసలితల్లి ఊరిలో 10 కిలోలు తీసుకోవచ్చు. కోటాను ఈ విధంగా విడదీసి తీసుకొనే వీలు ఉన్నది. అయితే నలుగురి కోటా ఒకే ఖాతాలోనిది. దంపతులు తెలియక ఇక్కడ 20 కిలోలూ తీసుకొంటే, ఊరి యంత్రంలో ఆ నెల మిగులు సున్నా అని చూపుతుంది. డిపో వరకు నడచి వెళ్లిన తల్లి ఖాళీ సంచితో తిరిగి రావలసి వస్తుంది. తప్పు డీలరుదీ కాదు, యంత్రానిదీ కాదు. అదేవిధంగా ఊరిలో ముందుగా మొత్తం తీసుకొంటే బెంగళూరులో ఏమీ మిగలదు.

కాబట్టి నెల ఆరంభంలోనే ఎవరు ఎంత తీసుకోవలెనో ఫోనులో మాట్లాడుకొనడం, డీలరుకు ‘ఇన్ని కిలోలే’ అని ముందుగా చెప్పడం మంచిది. ఈ నెల ఎంత తీసుకొన్నారు, ఎంత మిగిలింది అన్న లెక్కను కేంద్ర ప్రభుత్వపు ‘మేరా రేషన్’ మొబైల్ యాప్‌లో చూసుకోవచ్చు. ఈ యాప్ 2021 మార్చిలో ప్రారంభమయింది.

వెంట వచ్చేది, రానిది

వలస వెళ్లినవారి వెంట వచ్చేది కేంద్ర చట్టం కింది హక్కు మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వాలు సొంత ఖర్చుతో ఇచ్చేవి ఆ రాష్ట్రపు సరిహద్దు దాటవు. తెలంగాణలో ఆహార భద్రతా కార్డుపై మనిషికి 6 కిలోల బియ్యం ఇస్తారు. అందులో కేంద్ర చట్టం ప్రకారమైన 5 కిలోలే బెంగళూరులో లభిస్తాయి. 2025 ఉగాది నుండి తెలంగాణలో ఇస్తున్న సన్న బియ్యం కూడా ఇక్కడ దొరకదు. కందిపప్పు, పంచదార వంటి రాష్ట్ర సరుకులకూ ఇదే వర్తిస్తుంది. ఏ ధాన్యమన్నది వచ్చిన రాష్ట్రాన్నిబట్టిగాక, ఉన్న రాష్ట్రాన్నిబట్టి నిర్ణయమవుతుంది. ఇక్కడి దుకాణంలో ఉన్నదే తీసుకోవలసి ఉంటుంది.

మరో ముఖ్యమైన భేదం కార్డులోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కొన్ని కార్డులు కేంద్ర చట్టం కింద ఉన్నాయి. మరికొన్నింటిని రాష్ట్రమే తన ఖర్చుతో నిర్వహిస్తున్నది. ఊరిలో రెండింటిపైనా బియ్యం వస్తుంది గనుక తేడా తెలియదు. రాష్ట్రం దాటిన తరువాతనే తెలుస్తుంది. రెండవ రకం కార్డుకు ఇతర రాష్ట్రాలలో ధాన్యం రాదు. పొరుగింటివారికి వచ్చి తమకు రాకపోవడానికి పలుమార్లు కారణం ఇదే. కార్డు ఏ రకమైనదో బయలుదేరక ముందే సచివాలయంలోనో, మండల కార్యాలయంలోనో విచారించుకొంటే వృథా ప్రయాసం తప్పుతుంది.

పనినిబట్టి బెంగళూరు నుండి మరో నగరానికి మారే కుటుంబాలకు అక్కడి పద్ధతులు కూడ తెలియవలెను. తమిళనాడు 2020 అక్టోబరు 1న ఈ విధానంలో చేరింది. అక్కడి దుకాణానికి ‘నియాయ విలై కడై’ అని పేరు. ఆ రాష్ట్రపు కార్డుదారులకు లభించే అదనపు సరుకులు ఇతర రాష్ట్రాలవారికి వర్తించవు. మహారాష్ట్రలో ‘రాస్త భావ్ దుకాన్’ అని అడగవలెను. అక్కడ బియ్యంతోపాటు గోధుమలు ఇవ్వడం సాధారణం. ఒడిశా 2020 జూన్‌లో చేరింది. 2024 ఆగస్టులో భువనేశ్వర్‌లో కార్డుదారులు ఏ వేళనైనా వచ్చి, వేలిముద్ర వేసి బియ్యం పొందగలిగే ధాన్యపు ఏటీఎం ప్రారంభమయింది. యానాం ఉన్న పుదుచ్చేరి మార్గం వేరు. 2015 సెప్టెంబరులో అక్కడ ధాన్యానికి బదులు బ్యాంకు ఖాతాలో నగదు జమచేసే పద్ధతిని తెచ్చారు. కాబట్టి యానాం వెళ్లేవారు అక్కడి పౌరసరఫరాల కార్యాలయంలో ముందుగా విచారించుకొనవలెను.

వేలిముద్ర పడనప్పుడు

సిమెంటు కలిపేవారికి, ఇటుకలు మోసేవారికి, రాళ్లు కొట్టేవారికి వేళ్లపై గీతలు అరిగిపోతాయి. వృద్ధులకూ అంతే. ఎవరికి ధాన్యం ఎక్కువ అవసరమో, యంత్రం వారినే గుర్తించలేకపోవడం ఈ వ్యవస్థలోని పెద్ద వైరుధ్యం. నెట్‌వర్క్ అందకపోవడం, ఆధార్‌లో పేరు ఒకలా, కార్డులో మరొకలా ఉండడం ఇతర కారణాలు.

ఈ లోపపు తీవ్రతను దేశం 2017లో చూసింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో 11 ఏళ్ల బాలిక మరణించింది. ఆధార్‌తో అనుసంధానం కాలేదని తమ కార్డును తొలగించారని, నెలల తరబడి రేషన్ అందలేదని కుటుంబం తెలిపింది. మరణానికి కారణం జ్వరమని అధికారులు చెప్పారు. ఆ తరువాత 2017 అక్టోబరు 24న కేంద్రం అన్ని రాష్ట్రాలకు ఆదేశాలు పంపింది. ఆధార్ లేదన్న ఒక్క కారణంతో కార్డును తొలగించరాదు. వేలిముద్ర సరిపోలలేదని గాని, నెట్‌వర్క్ లేదని గాని అర్హులకు ధాన్యం నిరాకరించరాదు. అటువంటి సందర్భాలలో వేరే ఆధారాలు చూసి సరుకు ఇచ్చి, ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయవలెను. ఆ ఆదేశాల సారాంశం ఇదే.

అందువలన మొదటి వేలు పడకపోతే వరుసగా మిగిలిన వేళ్లతో ప్రయత్నించమని అడగవచ్చు. చేతులు శుభ్రంగా కడిగి తుడుచుకొని వేస్తే కొన్నిసార్లు ఫలితం ఉంటుంది. కనుపాపను చూసే పరికరం గాని, ఫోనుకు వచ్చే ఓటీపీ పద్ధతి గాని ఉన్నచోట వాటిని వినియోగించుకోవచ్చు. ఓటీపీ రావలెనంటే ప్రస్తుతం వాడుతున్న ఫోను సంఖ్యే ఆధార్‌లో ఉండవలెను. నగరానికి వచ్చి సిమ్ మార్చుకొన్నవారు ఈ విషయంలో ఎక్కువగా చిక్కుపడుతున్నారు. సమీపంలోని ఆధార్ కేంద్రంలో ఫోను సంఖ్యను, అరిగిన వేలిముద్రలను తాజా పరచుకొనడం శాశ్వత పరిష్కారం. పిల్లలకు 5వ ఏట, 15వ ఏట వేలిముద్రలను తప్పక నమోదు చేయించవలెను.

ఆరు నెలల నియమం

వలస కుటుంబాలు అన్నిటికంటె జాగ్రత్త పడవలసిన విషయం ఇది. 2025 జూలైలో కేంద్రం ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వును సవరించింది. దాని ప్రకారం ఆరు నెలలపాటు ధాన్యం తీసుకొనని కార్డులను తాత్కాలికంగా నిలిపివేస్తారు. తరువాత మూడు నెలలలోగా ఇంటికి వెళ్లి విచారించి, ఈ-కేవైసీ జరిపి, అర్హత ఉన్నదీ లేనిదీ నిర్ణయిస్తారు. కార్డులోని ప్రతి సభ్యుడూ ఐదేళ్లకొకసారి ఈ-కేవైసీ చేయించుకొనవలెను.

కార్డు ఊరిలో, మనుషులు నగరంలో ఉన్నప్పుడు విచారణకు వచ్చిన అధికారికి తాళం వేసిన ఇల్లే కనబడుతుంది. దీనిని నివారించే సులభమైన ఉపాయం ఈ నగరంలోనే ఉన్నది. ఇక్కడి దుకాణంలో ప్రతి నెలా ధాన్యం తీసుకొంటూ ఉంటే కార్డు వాడుకలో ఉన్నట్లు లెక్క. ఈ-కేవైసీని కూడ సొంత రాష్ట్రానికి వెళ్లకుండా ఉన్నచోటి చౌకధరల దుకాణంలో పూర్తిచేసుకొనడానికి కేంద్రం అనుమతించింది.

కొత్త కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు చేర్చడం మాత్రం కార్డు ఇచ్చిన రాష్ట్రంలోనే జరగవలెను. ఆంధ్రప్రదేశ్‌వారు గ్రామ, వార్డు సచివాలయంలోను, తెలంగాణవారు మీసేవ కేంద్రంలోను దరఖాస్తు చేయవలెను. ఇక్కడే శాశ్వతంగా స్థిరపడదలచినవారు పాత కార్డును అప్పగించి కర్ణాటకలో కొత్తదానికి దరఖాస్తు చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాలలో రెండు కార్డులు ఉంచుకొనడం నేరమే గాక, ఆధార్ సరిపోలికలో సులభంగా బయటపడుతుంది కూడ.

అసలు ఏ కార్డూ లేనివారు కూడ నగరంలో ఉన్నారు. ఈ-శ్రమ్ నమోదు కలిగియుండి రేషన్ కార్డు లేని కార్మికులకు కార్డులు ఇవ్వవలసిందిగా సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి ముందుగా ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకొని, ఆపైన కార్డుకు దరఖాస్తు చేయడం మేలు.

నిరాకరించినప్పుడు

‘ఇది వేరే రాష్ట్రం కార్డు, ఇక్కడ చెల్లదు’ అని డీలరు చెబితే అది సరియైన కారణం కాదు. ‘సరుకు అయిపోయింది’ అన్నది కొన్నిసార్లు నిజం కావచ్చు. పనులు ఎక్కువగా జరిగే వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వంటి ప్రాంతాలలో బయటి కార్డులు ఎక్కువగా వచ్చి దుకాణపు నిల్వ తరిగిపోవచ్చు. అప్పుడు అదనపు సరుకు తెప్పించవలసిన బాధ్యత శాఖది. కార్డుదారు మరో దుకాణానికి కూడ వెళ్లవచ్చు.

రేషన్ దుకాణాలు నగర పాలక సంస్థ అధీనంలోనివి కావు. అవి రాష్ట్ర ఆహార, పౌరసరఫరాల శాఖ పరిధిలోనివి. ఫిర్యాదుకు 1967 సంఖ్యకు, అంతర్రాష్ట్ర కార్డుల విషయమైతే 14445 సంఖ్యకు రుసుము లేకుండా ఫోను చేయవచ్చు. దుకాణం సంఖ్య, తేదీ, డీలరు చెప్పిన కారణం రాసుకొని ఉంచుకొంటే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది. అక్కడ న్యాయం జరగకపోతే 2013 చట్టం ప్రకారం నియమితులైన జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు విన్నవించుకోవచ్చు. హక్కైన ధాన్యాన్ని సరఫరా చేయని సందర్భాలలో ఆహార భద్రతా భత్యం చెల్లించవలెనని ఆ చట్టంలోని 8వ విభాగం చెబుతున్నది.

యంత్రం లెక్కను సరిచేయగలదు. పంచుకొనవలసినది కుటుంబమే, అడగవలసినది కార్డుదారే. బెంగళూరులో పది కిలోల బియ్యం తూకం వేయించుకొనేటప్పుడు, ఊరిలో డిపోకు వెళ్లే తల్లికి ఎంత మిగిలిందో రసీదులో ఒకసారి చూసుకొంటే, ఈ విధానం ఇరుచోట్లా పొయ్యి వెలిగిస్తుంది.